ఆరోగ్య భాగ్యం : “నాకది పడదు” – పెద్దలలో ఆహారపు అలర్జీని గుర్తించుట ఎట్లు?



“కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అని మన పెద్దలు అన్నారు. ఒకరి విషయంలో మరొకరు అనవసరంగా జోక్యం చేసుకొనుటను గురించిన సామెత ఇది. అయితే ఈ మధ్య రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్‌లో మా ఎదురింట జరిగిన ఒక సంఘటన తరువాత ఈ సామెత నాకు మరొక అర్థంలో పదే పదే గుర్తుకు వస్తున్నది. దురద ఎవరిది, నేరం ఎవరిది అని తేల్చుకొనడం అనుకున్నంత సులభం కాదు. తేల్చుకొనక పోయినట్లయితే ఒక్కొక్కసారి ప్రాణం మీదికి వస్తుంది.

మా ఎదురింటి అన్నయ్యగారు విశాఖపట్నం నుంచి బదిలీపై ఇక్కడకు వచ్చినవారు. వయస్సు నలభై ఆరు. చిన్నప్పటి నుంచి అన్నీ తిని అరిగించుకున్న మనిషి. ఇక్కడకు వచ్చిన తరువాత చేయించుకున్న పరీక్షలో చక్కెర కొద్దిగా హెచ్చుగా ఉన్నదని తెలిసినది. రాత్రి పూట అన్నం తగ్గించి రొట్టెలు తినమని, రోజూ వేగంగా నడవమని వైద్యులు చెప్పారు. ధాన్యపు గిన్నె అని పేరు పొందిన ఛత్తీస్‌గఢ్‌కు వచ్చి అన్నం మానివేయవలసి వచ్చినదే అని ఆయన నవ్వుతూ అనేవారు. ఏడు గంటలకు మూడు రొట్టెలు, ఏడున్నరకు నడక. క్రమం తప్పని మనిషి కనుక అది నియమంగా సాగినది.

రెండు నెలల తరువాత ఒకనాడు నడక మధ్యలో అరచేతులు దురద పెట్టి, ఒంటి నిండా దద్దుర్లు లేచినవి. ఆనాటి కూర గుత్తి వంకాయ. నేరం వంకాయ మీద పడినది. వదినగారు వంకాయను ఇంటికి రానివ్వలేదు. మరి కొన్ని వారాలకు మళ్ళీ అదే దురద. ఆనాడు శనగపిండితో చేసిన కూర. ఈ ప్రాంతంలో శనగపిండిలో తివరా పప్పు కలుపుతారేమో అని అనుమానించి, దుకాణం మార్చారు. మూడవసారి మాత్రం మోకాలు నొప్పి అని ఒక నొప్పి మాత్ర వేసుకొని, రొట్టెలు తిని, నడకకు వెళ్ళారు. పావుగంటలో దద్దుర్లు, కడుపులో మెలిపెట్టిన నొప్పి, గొంతు పట్టినట్లుండుట, ఆపైన కళ్ళు చీకట్లు కమ్మి వీధి మలుపులో కూలబడినారు.

చుట్టూ చేరిన వారిలో నేనూ ఉన్నాను. చెప్పుకొనుటకు సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు. మేము చేసినవన్నీ పొరపాట్లే. ఒకరు ఉల్లిపాయ వాసన చూపించారు. ఒకరు నిమ్మరసం పట్టించబోయారు. పడుకొని ఉన్న మనిషిని లేపి నిలబెట్టి ఇంటికి నడిపించాము. ఇంట్లో ఉన్న దురద మాత్ర ఒకటి వేసి, తగ్గుతుందేమో అని అరగంట వేచి చూచాము. చివరకు ఆసుపత్రికి చేర్చిన తరువాత తొడకు ఒక ఇంజెక్షను ఇచ్చారు. కొద్ది నిమిషాలలో ఊపిరి సర్దుకున్నది. “ఇంకొంచెం ఆలస్యమైతే ఏమి జరిగేదో చెప్పలేము” అని అక్కడి వైద్యుడు అన్న మాట ఈనాటికీ నా చెవిలో ఉన్నది. ఆ మాటే ఈ నెల శీర్షికకు కారణం.

“పడదు” అన్న మాటకు నాలుగు అర్థములు

మన భాషలో “పడదు” అన్నది చక్కని మాట. పాలు పడవు, వంకాయ పడదు, ఊరు పడలేదు, నీళ్ళు పడలేదు అంటాము. కాని వైద్యుని ముందు ఈ ఒక్క మాట చాలదు. అందులో కనీసం నాలుగు వేరు వేరు సంగతులు ఇమిడి ఉన్నవి.

మొదటిది, పదార్థం స్వభావం చేత కలిగే బాధ. కంద, చేమ దుంపలలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికములు ఉంటాయి. అవి నోటికి, గొంతుకు గుచ్చుకొనుట వలన దురద పుడుతుంది. ఇది అలర్జీ కాదు. సరిగా ఉడకని కంద ఎవరు తిన్నా ఇదే జరుగుతుంది. అందుకే మనవారు కందలో చింతపండు వేస్తారు. ఛత్తీస్‌గఢ్ గృహిణులు జిమీకంద్‌ను పెరుగుతోనో పులుపుతోనో వండుతారు. రెండు ప్రాంతముల వంటింటి జ్ఞానం ఒక్కటే.

రెండవది, అరుగుదల లోపం. పాలలోని లాక్టోస్ అనే చక్కెరను అరిగించే ఎంజైము మనలో చాలా మందికి పెద్దయ్యాక తగ్గిపోతుంది. పాలు త్రాగిన కొన్ని గంటలకు కడుపు ఉబ్బరం, విరేచనములు కలుగుతాయి. అదే మనిషికి పెరుగు, మజ్జిగ తరచుగా ఇబ్బంది పెట్టవు. ఇది బాధాకరమే కాని ప్రాణాంతకం కాదు. పాల అలర్జీ ఇందుకు పూర్తిగా భిన్నమైనది.

మూడవది, విషప్రభావం. ఈ ప్రాంతం వారు తివరా అని పిలిచే ఖేసరి పప్పును కరువు కాలంలో నెలల తరబడి ప్రధానాహారంగా తిన్నవారికి కాళ్ళు చచ్చుబడిన ఉదంతములు మధ్య భారతంలో ఎన్నో ఉన్నవి. అందులోని ఓడీఏపీ అనే పదార్థం దీనికి కారణం. దాని అమ్మకమును నిషేధించే నిబంధన 1961లో వచ్చినది. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ పదార్థం తక్కువగా ఉండే “మహాతివరా” అనే వంగడమును రూపొందించినది. ఖేసరి నెమ్మదిగా నరములను దెబ్బ తీసేదే కాని, తిన్న పావుగంటలో దద్దుర్లు లేపేది కాదు. కనుక మా వదినగారి అనుమానం సహజమైనదే అయినా, ముద్దాయి తివరా కాదు. ఇటువంటిదే మరొకటి ఉన్నది. మంచులో సరిగా నిలవ చేయని కానగంత, ట్యూనా వంటి సముద్రపు చేపలలో హిస్టమిన్ పేరుకొని, తిన్న వారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు వస్తాయి. చూచుటకు అచ్చంగా అలర్జీ వలెనే ఉంటుంది. అయితే ఆ పూట అదే చేప తిన్న మరికొందరికి కూడా వచ్చినదా అని విచారిస్తే గుట్టు బయటపడుతుంది.

నాల్గవదే నిజమైన అలర్జీ. శరీరంలోని రక్షణ వ్యవస్థ ఒక నిరపాయకరమైన ఆహారపు ప్రోటీనును శత్రువుగా పొరబడి, ఐజీఈ అనే ప్రతిరక్షకములను తయారు చేసి ఉంచుతుంది. ఆ ఆహారం మళ్ళీ లోపలికి వచ్చినప్పుడు చర్మంలో, పేగులలో, ఊపిరి గొట్టములలో ఉన్న కణములు హిస్టమిన్ మొదలైన రసాయనములను ఒక్కసారిగా విడుదల చేస్తాయి. అలర్జీ అనే పదమును 1906లో వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు ఫాన్ పిర్కే ప్రయోగించాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1902లో, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు రిషే, పోర్టియే దీని తీవ్రరూపమునకు అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. ఆ కృషికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించినది.

నలభై ఏళ్ళు పడినది ఇప్పుడు పడకపోవునా?

“ఇన్నాళ్ళు తిన్నాను, ఏమీ కాలేదు. ఇప్పుడెందుకు వస్తుంది?” అన్నదే పెద్దలు అలర్జీని గుర్తించలేక పోవడానికి మొదటి కారణం. అలర్జీ పిల్లల జబ్బు అన్నది అపోహ. పిల్లలలో పాలు, గ్రుడ్డు వలన కలిగే అలర్జీ చాలా మందిలో పెరిగే కొద్దీ పోతుంది. పెద్ద వయస్సులో కొత్తగా మొదలయ్యేవి తరచుగా నిలిచిపోతాయి. రొయ్యలు, పీతలు పెద్దలలో ముఖ్య కారణములుగా అనేక దేశములలో గుర్తింపబడినవి. చేపలు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, గోధుమ, నువ్వులు కూడా ఈ జాబితాలోనివే. మన దేశపు వైద్యులు శనగలు, మినుముల వలన కలిగే అలర్జీని కూడా నమోదు చేశారు.

అలర్జీ నోటి ద్వారానే మొదలు కానక్కర లేదు. జపానులో గోధుమ ప్రోటీనును కలిపి తయారు చేసిన ఒక ముఖపు సబ్బును వాడిన వారిలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ ఏర్పడినది. ఆ సబ్బును 2011లో వెనక్కు తీసుకున్నారు. అంతవరకు వారు గోధుమ వంటకములు సుఖంగా తిన్నవారే. చర్మం ద్వారా ప్రవేశించిన ప్రోటీను రక్షణ వ్యవస్థకు తప్పుడు పాఠం నేర్పినది. పిండి మిల్లులలో, బేకరీలలో పనిచేసే వారికి ఊపిరి ద్వారా ఇదే జరుగవచ్చును. రబ్బరు చేతి తొడుగులు పడని కొందరికి అరటిపండు తిన్నప్పుడు నోరు దురద పెడుతుంది. రెండింటిలోను ఒకదానిని పోలిన మరొక ప్రోటీను ఉండుటయే ఇందుకు కారణం. మన సంస్థల వైద్యశాలలలో, ప్రయోగశాలలలో పనిచేసే సోదరీమణులు ఈ సంగతి గమనించ ప్రార్థన.

ఇక మా అన్నయ్యగారి వ్యవహారం మరింత విచిత్రమైనది. ఆయనకు గోధుమ ఒక్కటే అయితే ఏమీ కాదు. నడక ఒక్కటే అయితే ఏమీ కాదు. రెండూ కలిస్తేనే ప్రమాదం. తిన్న తరువాత సుమారు నాలుగు గంటల లోపు శ్రమించినప్పుడు బయటపడే అలర్జీ ఇది. శ్రమతో కూడిన ఇటువంటి అలర్జీని వైద్య పత్రికలు మొదటిసారి 1979లో వివరించినవి. ఆనాటి కేసులో ఆహారం నత్తగుల్లల జాతికి చెందినది. ఆస్పిరిన్ జాతి నొప్పి మాత్రలు, మద్యం, జ్వరం కూడా ఇట్లే అలర్జీని ఎగదోస్తాయి. మూడవసారి అంత తీవ్రంగా వచ్చుటకు ఆ మోకాలి మాత్ర తోడ్పడి ఉంటుందని వైద్యులు చెప్పారు.

నేరస్థుని పట్టించిన డైరీ

ఈ రహస్యమును ఛేదించినది ఖరీదైన యంత్రం కాదు. సంస్థ వారు ప్రతి జనవరిలో ఉద్యోగులకు ఇచ్చే డైరీ. వదినగారికి అందులో పాలు, కూరగాయల లెక్కతో పాటు ఏ పూట ఏమి వండినది వ్రాసుకొనే అలవాటు ఉన్నది. అలర్జీ వైద్యుడు ఆ డైరీ తెప్పించుకొని, మూడు తేదీలకు ముందు వెనుకల పేజీలు ఓపికగా చదివాడు. వంకాయ వండిన రోజులు ఇంకా చాలా ఉన్నవి. ఆ రోజులలో ఏమీ కాలేదు. వాన పడి నడక మానిన రోజులలో రొట్టెలు తిన్నా ఏమీ కాలేదు. బంధువులు వచ్చి రాత్రి అన్నం తిన్న రోజులలో నడిచినా ఏమీ కాలేదు. మూడు తేదీలలోను ఉమ్మడిగా ఉన్నవి రొట్టె, నడక. ఆపైన చేయించిన రక్తపరీక్షలో ఒమేగా-5 గ్లయడిన్ అనే గోధుమ ప్రోటీనుకు ఐజీఈ కనిపించి, అనుమానం రుజువైనది.

ఇక్కడ వరుసను గమనించండి. ముందు కథ, తరువాత పరీక్ష. చాలా మంది దీనిని తలక్రిందులు చేసి, ఒకేసారి ఎన్నో పదార్థములకు పరీక్షలు చేయించుకొని, వచ్చిన జాబితాలో ఉన్నవన్నీ మానివేసి చిక్కిపోతారు. ఇది ఎంత పొరపాటో మన పొరుగున కర్ణాటకలో జరిగిన ఒక అధ్యయనం చెబుతున్నది. యూరోప్రివాల్ అనే అంతర్జాతీయ పరిశోధనలో భాగంగా బెంగుళూరు, మైసూరు ప్రాంతపు పెద్దలను పరిశీలించి, 2016లో ఫలితములు ప్రచురించారు. నూటికి 26.5 మంది రక్తంలో ఏదో ఒక ఆహారమునకు ఐజీఈ కనిపించినది. కాని లక్షణములు కూడా సరిపోయి, అలర్జీ ఉండవచ్చునని తేలినవారు నూటికి 1.2 మంది మాత్రమే. అనగా పరీక్షలో కనిపించిన ప్రతి పేరూ జబ్బు కాదు. మైసూరులోనే వంకాయపై వేరుగా జరిగిన పరిశోధనలో కూడా, వంకాయ పడదని చెప్పిన వారిలో కొద్ది మందికే ఐజీఈ అలర్జీ ఉన్నట్లు తెలిసినది. వంకాయలో సహజంగానే హిస్టమిన్ వంటి పదార్థములు ఉండుట వలన కొందరికి దురద కలుగుతుంది. పాపం, వంకాయ చాలా ఇండ్లలో చేయని నేరమునకు శిక్ష అనుభవిస్తున్నది.

ఐజీజీ అనే మరొక ప్రతిరక్షకమును కొలిచి ఆహారముల పొడవాటి జాబితా ఇచ్చే పరీక్షలు అలర్జీ నిర్ధారణకు పనికిరావు. అవి మనం ఆ పదార్థమును తింటున్నామని మాత్రమే సూచిస్తాయి. చర్మంపై చుక్క వేసి గుచ్చి చూచే పరీక్ష, నిర్దిష్ట ఐజీఈ రక్తపరీక్ష, అవసరమైతే వైద్యుల పర్యవేక్షణలో కొద్ది కొద్దిగా తినిపించి చూచుట – ఇవే సరియైన మార్గములు. ఆ చివరి పరీక్షను ఇంట్లో ఎవరూ ప్రయత్నింపరాదు.

అనుమానించవలసిన ఆనవాళ్ళు

సాధారణంగా నిజమైన అలర్జీ తిన్న కొన్ని నిమిషముల నుండి రెండు గంటల లోపు వస్తుంది. అదే పదార్థముతో మళ్ళీ మళ్ళీ వస్తుంది. అతి కొద్ది పరిమాణం కూడా చాలును. దద్దుర్లు, పెదవులు లేదా కనురెప్పల వాపు, నోటిలో దురద, వాంతి, కడుపు నొప్పి, పిల్లికూతలు, గొంతు బొంగురు పోవుట, తల తిరుగుట ముఖ్య లక్షణములు. చర్మంపై దద్దుర్లు లేకుండానే కూడా తీవ్రమైన ప్రతిచర్య రావచ్చును. వేళకు మినహాయింపు ఒకటి ఉన్నది. కొన్ని దేశములలో పిడుదు కాటు తరువాత మాంసమునకు ఏర్పడే అలర్జీ తిన్న మూడు నుండి ఆరు గంటల తరువాత, తరచు అర్ధరాత్రి వేళ బయటపడుతుంది. వారముల తరబడి రోజూ వచ్చి పోయే దద్దుర్లకు మాత్రం ఆహారం కారణమగుట అరుదు.

అనుమానం కలిగిన వారు డైరీలో అయిదు సంగతులు వ్రాయవలెను: ఏమి తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, లక్షణం ఎన్ని గంటలకు మొదలైనది, ఆ పూట ఏ మందు వేసుకున్నారు, ఏ శ్రమ చేశారు. దద్దుర్లు ఆసుపత్రికి చేరేలోగా మాయం కావచ్చును గనుక ఫోనులో ఒక చిత్రం తీసి ఉంచుట మేలు.

పొట్లముల మీది అక్షరములు చదువుట మరొక అలవాటు కావలెను. 2020 నాటి ఆహార లేబులు నిబంధనల ప్రకారం గ్లూటెన్ గల ధాన్యములు, పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్య–పీత జాతులు, వేరుశనగ, ఇతర గింజలు, సోయా, సల్ఫైటుల వివరమును ప్రత్యేకంగా తెలుపవలెను. ఆ నిబంధన జాబితాలో నువ్వులు, ఆవాలు పేర్కొనబడలేదు. కావున నువ్వులు పడనివారు పదార్థముల పూర్తి పట్టికను చదువవలెను. సంక్రాంతికి ఊరి నుండి వచ్చే అరిసెల డబ్బాకు లేబులు ఉండదు. అడిగి తెలుసుకొనుటలో మొగమాటం కూడదు. “కొంచెం తింటే ఏమీ కాదులే” అని బలవంతం చేయుట మన ఆతిథ్యంలోని ప్రేమ. కాని అలర్జీ ఉన్నవారి విషయంలో ఆ ప్రేమను అణచుకొనుటయే మర్యాద.

ఆపద సమయమున

శ్వాస ఇబ్బంది, గొంతు వాపు, స్పృహ తప్పుట, లేదా దద్దుర్లతో పాటు ఎడతెగని వాంతులు కనిపించినచో క్షణం ఆలస్యం చేయరాదు. 108కు ఫోను చేయవలెను. రోగిని వెల్లకిల పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచవలెను. ఊపిరి ఆడనిచో కాళ్ళు చాపి కూర్చుండనీయవచ్చును. వాంతి అవుతున్నా, స్పృహ లేకున్నా ప్రక్కకు తిప్పవలెను. లేపి నిలబెట్టుట, నడిపించుట చేయరాదు. రక్తపుపోటు పడిపోయిన మనిషిని నిలబెడితే గుండె ఆగవచ్చును. మేము చేసిన పొరపాటు మరొకరు చేయరాదనియే ఇంతగా చెబుతున్నాను.

దీనికి మొదటి మందు తొడ వెలుపలి కండరములో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షను. దురద మాత్రలు చర్మమునకు ఊరట ఇస్తాయే కాని, ప్రాణం కాపాడవు. వాటిని వేసి వేచి చూచుట కాలహరణం. తెప్పరిల్లిన తరువాత కూడా కొన్ని గంటలకు లక్షణములు మళ్ళీ రావచ్చును గనుక వైద్యులు పంపే వరకు ఆసుపత్రిలోనే ఉండవలెను. ఒకసారి ఇట్టి అనుభవం పొందినవారు ఇంట్లో అడ్రినలిన్ ఉంచుకొనే విషయమును, దానిని వాడే పద్ధతిని వైద్యుని వద్ద నేర్చుకొనవలెను. విదేశములలో దొరికే స్వయం ఇంజెక్షను పెన్నులు మన దేశంలో సులభంగా లభించవు. అందుచేత ఇంటివారికి కూడా ఆ శిక్షణ అవసరం.

మా అన్నయ్యగారు ఇప్పుడు తెల్లవారు జామున, ఏమీ తినకముందే నడుస్తున్నారు. రాత్రి కొలత ప్రకారం అన్నం తింటున్నారు. నొప్పి మాత్ర వైద్యుని అడగనిదే వేసుకోరు. జేబులో తన అలర్జీ వివరం తెలుగు, హిందీ భాషలలో వ్రాసిన చీటీ ఉంచుకుంటున్నారు. వదినగారు ఇంజెక్షను ఇచ్చుట నేర్చుకున్నారు. మొన్న ఆదివారం వారింటికి భోజనానికి పిలిచారు. విస్తరిలో మొదట వడ్డించినది గుత్తి వంకాయ కూర. ఎన్నో నెలల తరువాత నిర్దోషిగా విడుదలైన ఆ కూరను ఆయన ఎంత ప్రీతిగా తిన్నారో వ్రాయనక్కర లేదు.

కావున మిత్రులారా, ఇకపై “నాకది పడదు” అనుకున్నప్పుడు అక్కడితో ఆగక, ఎట్లు పడదు, ఎప్పుడు పడదు, దేనితో కలిసినప్పుడు పడదు అని మరి మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఈ సంవత్సరపు డైరీ ఇంకా ఖాళీగా ఉన్నట్లయితే, దానికి అంతకన్న మంచి ఉపయోగం మరొకటి లేదు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకొందాము. అంతవరకు సర్వులకు ఆరోగ్యమస్తు!